బరువులెత్తు హెలికాప్టరు – దాని విడిభాగములు

సికింద్రాబాదు వాసులకు హెలికాప్టరు చప్పుడు క్రొత్తది కాదు. హకీంపేట స్థావరమున వైమానికదళమువారి హెలికాప్టరు శిక్షణ పాఠశాల యుండుటచేత అల్వాలు, బొల్లారము, తిరుమలగిరి ప్రాంతములనుండి వచ్చు మన విద్యార్థులు చేతక్ అను చిన్న హెలికాప్టరును ఇంటి చూరుమీది కాకిని గుర్తుపట్టినంత సులభముగా గుర్తుపట్టుదురు. అది నలుగురైదుగురిని మోయగల తేలిక యంత్రము. మేము ఈ వ్యాసమున ముచ్చటింపబోవునది దానినిగూర్చి కాదు. ఫిరంగిని, రోడ్డువేయు బుల్డోజరును, కొండచరియ విఱిగిపడిన యూరికి కావలసిన బియ్యపు బస్తాలను ఒక్కసారిగా ఎత్తుకొని పోగల మహాయంత్రములనుగూర్చి. మన దేశపు వైమానికదళము ఇట్టివానిని రెండు జాతులవానిని ఎఱిగినది. ఒకటి రష్యావారి మి-26, రెండవది అమెరికావారి చినూకు.

వీని బలమునుగూర్చి పత్రికలలో తఱచుగా వ్రాయుదురు. ఆ బలము ఏ చిన్న వస్తువులమీద నిలిచియున్నదో అంతగా వ్రాయరు. ఒక దేశము ఇట్టి యంత్రమును కొనునప్పుడు దానితోబాటు ముప్పది నలువది సంవత్సరములవఱకు దానికి కావలసిన విడిభాగములు దొరకునను నమ్మకమును గూడ కొనుచున్నది. ఆ నమ్మకము తప్పినచో కోట్లు పోసి తెచ్చిన యంత్రము షెడ్డులో నిలిచి దుమ్ముపట్టును. ఈ సంగతి మన నగరమునకు కొంత సంబంధించినది గూడ నగుటచేత విద్యార్థులకు వివరింప దలచితిమి.

ముందుగా యంత్రముయొక్క తీరు తెలిసికొనవలెను. గిరగిర తిరుగు ముక్కాలిపీటపై కూర్చుండి, నేలకు కాలు తగులనీయక, చేతిలోని సైకిలుచక్రము నొక వైపునకు త్రిప్పిచూడుడు. పీట మీతో గూడ రెండవ వైపునకు తిరుగును. న్యూటను మహాశయుని మూడవ సూత్రము పదవతరగతివారికి కంఠస్థమే. హెలికాప్టరు నెత్తిమీది రెక్కలను ఇంజను ఒక దిక్కునకు త్రిప్పునప్పుడు దాని దేహము ఎదుటి దిక్కునకు తిరుగజూచును. దీనిని నివారించుటకై ఇగార్ సికోర్‌స్కీ 1939వ సంవత్సరమున ఎగురవేసిన యంత్రమునందు తోకచివర నొక చిన్న రెక్కలచక్రము నమర్చెను. మనము చూచు చేతక్కునకు తోకవద్ద నున్నది అదియే. అయితే ఆ తోకచక్రము బరువెత్తుటకు తోడ్పడదు. శక్తిని మాత్రము తినును. ఫ్రాంక్ పియాసెకీ యను మఱియొక అమెరికా యింజనీరు వేఱొక మార్గము త్రొక్కెను. ముందొకటి, వెనుకొకటిగా రెండు పెద్ద రెక్కలచక్రములు పెట్టి వానిని ఎదురెదురు దిక్కులకు త్రిప్పెను. ఒకదాని త్రిప్పుడును మఱియొకటి అణచును గనుక తోకచక్రముతో పనిలేదు. ఇంజను శక్తి యంతయు ఎత్తుటకే వినియోగమగును. అతని మొదటి జంటచక్రముల హెలికాప్టరు 1945లో ఎగిరెను. అతడు స్థాపించిన సంస్థ తరువాత వెర్టాల్ అను పేరు దాల్చి 1960లో బోయింగువారి వశమయ్యెను. ఆ వంశముననే చినూకు పుట్టి 1961 సెప్టెంబరు 21వ తేదీన మొదటిసారి గాలిలోనికి లేచెను. చినూకు అనునది అమెరికా వాయవ్యతీరమున నివసించు ఆదివాసుల పేరు. తమ హెలికాప్టరులకు ఆదివాసుల జాతుల పేర్లు పెట్టుట ఆ దేశపు సైన్యమునకు ఆచారము.

ఇప్పుడు ఎగురుచున్న చినూకునకు ఒక్కొక్క రెక్కలచక్రముయొక్క వ్యాసము 18.3 మీటర్లు. చక్రమునకు మూడేసి రెక్కలు. ఆ రెండు చక్రముల నడుమ దూరము ఇంచుమించు 12 మీటర్లే. లెక్క కట్టిచూడుడు: ఒక్కొక్క రెక్క పొడవు తొమ్మిది మీటర్లకు పైన. రెండు కలిపినచో పదునెనిమిది. నడుమ దూరము పండ్రెండు. అనగా ముందుచక్రపు రెక్కయు వెనుకచక్రపు రెక్కయు ఆఱు మీటర్లమేర ఒకదాని పరిధిలో నొకటి చొరబడుచున్నవి! నిమిషమునకు 225 చుట్లు తిరుగు ఆ రెక్కల కొనలు గంటకు 770 కిలోమీటర్లకు మించిన వేగముతో పోవును. అవి ఒకదానినొకటి తాకకుండ ఒకదాని సందులోనుండి మఱియొకటి దూరిపోవుచుండవలెను. రోకళ్లతో జంటపోటు వేయు ఆడవారిని చూచినవారికి ఇది తెలియును. ఒకతె రోకలి లేచినప్పుడే రెండవదాని రోకలి దిగవలెను. తాళము తప్పినచో రెండును ఢీకొనును.

చినూకున ఈ తాళమును కాపాడునది యేది? వెనుకవైపున నున్న రెండు ఇంజనులు నిమిషమునకు సుమారు 15,000 చుట్లు తిరుగును. ఆ వేగమును గేరుపెట్టెలు తగ్గించి, దిక్కు మార్చి, రెండు ఇంజనుల శక్తిని ఒక్కచోట కలిపి, తిరిగి ముందునకును వెనుకకును పంచును. ముందుచక్రమునకు శక్తిని కొనిపోవు ఇరుసు హెలికాప్టరు వెన్నుపొడుగున సాగుచున్నది. ఈ ఇరుసును, ఈ గేరుపెట్టెలలోని పండ్లచక్రములును రెండు రోటరులను ఒక్క తాళమున బంధించియుంచును. వీనిలో నేదైనను విఱిగినచో ఇంజను ఎంత బలముగలదైనను, పైలటు ఎంత నేర్పరియైనను ప్రయోజనము లేదు.

ఇది ఊహ కాదు. 1986 నవంబరు 6వ తేదీన, చమురుబావులలో పనిచేయు కార్మికులను ఉత్తరసముద్రముమీదినుండి షెట్లాండు దీవులకు తెచ్చుచున్న ఒక పౌర చినూకు, సంబరో విమానాశ్రయమునకు చేరువలో సముద్రమున కూలెను. అందున్న 47 మందిలో 45 మంది మరణించిరి. విచారణలో తేలిన కారణము, ముందు గేరుపెట్టెలోని ఒక పండ్లచక్రము పగులుట. అది కొంత మార్పుచేసి తయారుచేయబడిన చక్రము. అది పగులగానే తాళము తప్పి రెండు రోటరుల రెక్కలు ఢీకొనెను. ఆ దుర్ఘటన తరువాత ఆ సముద్రముపై కార్మికులను చేరవేయుటకు చినూకులను వాడుట మానివేసిరి. ఒక విడిభాగమును కొంచెము మార్చునప్పుడు, మార్చిన భాగము పాతదానివలెనే చాలకాలము ఓర్చునా యని పరీక్షించుట యెంత అవసరమో దీనివలన యింజనీర్లు నేర్చుకొనిరి.

లోహము ఎట్లు పగులునని కొందఱు అడుగవచ్చును. ఇనుపతీగను చేతితో ఒక్కసారి వంచినచో విఱుగదు. ఇటునటు పదిసార్లు వంచినచో విఱుగును. దీనినే లోహపు టలసట యందురు. ఎగురుచున్నంతసేపును హెలికాప్టరు రెక్కలును, ఇరుసులును, పండ్లచక్రములును క్షణక్షణము వంగుచు సాగుచు నుండును. కావున వానిలో ముఖ్యమైన ప్రతిదానికిని ఇన్ని గంటలని ఒక ఆయుర్దాయము ముందే నిర్ణయింపబడినది. ఆ గంటలు నిండగానే, కంటికి ఎంత నూతనముగా కనబడినను, దానిని తీసివేయవలెను. మఱికొన్ని భాగములను తీసి విప్పి, కడిగి, పరీక్షించి తిరిగి బిగింతురు. గేరుపెట్టె నూనెలో నొక అయస్కాంతపు మర ఉంచబడును. లోపల నేదైన అరుగుచున్నచో ఉక్కురజను దానికి అంటుకొని, ఆపద రాకముందే సూచన నిచ్చును. మన తల్లులు బియ్యములో రాళ్లేరినంత ఓపికతో మెకానికులు ఆ రజనును పరిశీలింతురు.

రాణీగంజు అంగళ్లవీథినిగూర్చి ఇచ్చట నొక మాట. బోరుమోటారునకో, పిండిమరకో బేరింగు కావలసివచ్చినప్పుడు మన పెద్దలు అచ్చటికే పోవుదురు. పాతదానిని చూపగానే దుకాణదారుడు కొలత చూచి సరిపోవు దానిని చేతిలో పెట్టును. అది సరిపోయినదా, మోటారు తిరిగినదా అనునదే పరీక్ష. నేలమీది యంత్రమునకు ఇది చాలును. 1893లో ఏర్పడిన మన లాలాగూడ రైల్వే వర్కుషాపువంటి చోట్ల పనివారు ఎన్నియో భాగములను తామే చేసికొని బిగించుకొనెడివారు. బండి మధ్యదారిలో నిలిచినను ప్రయాణికులు దిగి చెట్టుక్రింద కూర్చుండిరి గాని ప్రాణము పోలేదు. ఆకాశమున ఆ వెసులుబాటు లేదు. అచ్చట సరిపోవు వస్తువు వేఱు, సరియైన వస్తువు వేఱు. సరియైనదానికి ఏ లోహముతో, ఏ వేడిమిలో, ఎవరిచేత, ఏ దినమున చేయబడినదో తెలుపు కాగితము ఉండవలెను. కాగితము లేని భాగము ఎంత మెఱసినను హెలికాప్టరు మెకానికునకు ఇనుపముక్కయే.

ఈ భేదమును చాటు ఉదాహరణము ఇటీవలనే జరిగినది. 2022 ఆగస్టులో అమెరికా సైన్యమువారు తమ చినూకుల నన్నిటిని, అనగా నాలుగువందలకు దగ్గఱగా, ఎగురనీయక కొంతకాలము నిలిపివేసిరి. కొన్నిటి ఇంజనులనుండి ఇంధనము కారి చిన్న మంటలు లేచెను. ఎవరికిని గాయములు కాలేదు. కారణము వెదకగా, ఇంజను గొట్టముల కీళ్లలో నుండు ఓ-రింగులని తేలెను. అవి యేవియో కావు, మన వంటయింటి కుక్కరు మూతలో నుండు రబ్బరు చుట్టవంటివే, మిగుల చిన్నవి. ఇంజను చేయు హనీవెల్ సంస్థవారు, తమ కొలతలకును నియమములకును లోబడని ఓ-రింగులు మరమ్మతు సమయమున కొన్ని ఇంజనులలో అమర్చబడినవని ప్రకటించిరి. ఒక్కొక్క చినూకు పూర్తి బరువుతో 22 టన్నులకు పైన తూగును; దాని రెండు ఇంజనులు కలిసి 9,000 అశ్వశక్తికి మించి పనిచేయును. అట్టి ఏనుగులను వందలకొలదిగా కట్టివేసినది ఒక రబ్బరు చుట్ట! ఆ వార్త రాగానే మన ప్రభుత్వమువారును బోయింగువారిని వివరములడిగిరి. మన చినూకులు మాత్రము ఎగురుచునే యుండెను.

ఇక మి-26 చరిత్ర వేఱొక రీతిది. అందు భాగము చెడుట కాదు, భాగము చేయు దేశమే చీలుట సంభవించెను. 1977 డిసెంబరులో మొదటిసారి ఎగిరిన ఈ హెలికాప్టరు ఇప్పటికిని లోకమున తయారగుచున్నవానిలో అతిపెద్దది. ఒకే పెద్దచక్రము, దానికి ఎనిమిది రెక్కలు, వ్యాసము 32 మీటర్లు. మొత్తము 56 టన్నుల బరువుతో లేవగలదు. అందు 20 టన్నులు సరుకు. ఇరువదియైదు కిలోల బియ్యపు బస్తాలైనచో ఎనిమిదివందలు! 2002లో ఆఫ్ఘనిస్థాను కొండలలో చెడిపడియున్న అమెరికా చినూకును క్రిందికి దించుటకు అద్దెకు తెచ్చినది ఈ మి-26నే యనిన, దాని పరిమాణము విద్యార్థులకు తెలియగలదు. మన దేశము 1986 మొదలుకొని నాలుగింటిని తెప్పించి చండీగఢులో నుంచెను. హిమాలయములలో రోడ్లు వేయువారికి బుల్డోజరులను అందించుటలోను, 2013 ఉత్తరాఖండ వరదలలో ఇంధనపు ట్యాంకరు మొదలగువానిని చేరవేయుటలోను అవి చేసిన సేవ సామాన్యమైనది కాదు.

అయితే ఆ యంత్రము పుట్టినది సోవియట్టు దేశమున. దేహము రష్యాలోని రోస్తోవు నగరమున తయారగును. ఇంజను ఉక్రెయినులోని జపొరీజియ నగరమున తయారగును. ఒకే దేశముగా నున్నన్నాళ్లు అది రెండు వీథుల నడుమ వ్యవహారము. 1991లో సోవియట్టు దేశము విచ్ఛిన్నమయ్యెను; ఆ రెండు నగరములును రెండు దేశములవయ్యెను. 2014లో ఉక్రెయిను ప్రభుత్వము రష్యాతో సైనికసంబంధమైన వర్తకమును నిషేధించెను. 2022 ఫిబ్రవరినుండి ఆ రెండు దేశముల నడుమ మహాయుద్ధము మొదలయ్యెను. పెళ్లికొడుకు బంధువులును పెళ్లికూతురు బంధువులును కోర్టుకెక్కినప్పుడు ఆ దంపతుల బిడ్డల గతి యెట్లుండునో ఈ హెలికాప్టరుల గతియు అట్లే యయ్యెను. మనవద్ద నున్న నాలుగింటిలో కొన్ని ప్రమాదములలో పోయెను. మిగిలినవి, ఎగురవలసిన గంటలు తీరి, సంపూర్ణ మరమ్మతునకై ఎదురుచూచుచు నేలమీద నిలిచిపోయెను. యంత్రమును తప్పుపట్టుటకు వీలులేదు. దానిని మెచ్చుకొనని పైలటు లేడు. దానికి వలయు భాగములు చేయువారి నడుమ పొత్తు చెడినది.

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పౌలు భక్తుడు దేహమును, అవయవములను గూర్చి వ్రాసిన అధ్యాయమును మన బైబిలు తరగతివారు చదివియున్నారు. అతడు హెలికాప్టరును చూడలేదు గాని, చూచినచో అదే పోలికను వాడియుండునని మాకు తోచుచున్నది.

మి-26లు ఇట్లు వెనుకబడుచున్న కాలముననే, 2015 సెప్టెంబరులో మన ప్రభుత్వము 15 చినూకులకును, 22 అపాచీ యను యుద్ధహెలికాప్టరులకును ఒప్పందము చేసికొనెను. మొదటి చినూకులు 2019 ఫిబ్రవరిలో ఓడమీద గుజరాతులోని ముంద్రా రేవునకు వచ్చెను. మార్చి 25వ తేదీన, పూర్వము మి-26లు నివసించిన చండీగఢులోనే, అదే దళమున చేర్చబడెను. ఒక్కొక్కటి పది టన్నులవఱకు ఎత్తగలదు. 2022 ఏప్రిలులో ఒక చినూకు చండీగఢునుండి అస్సాములోని జోర్‌హాటువఱకు 1,910 కిలోమీటర్లు ఏడున్నర గంటలలో ఎచ్చటను దిగక ఎగిరెను. ఇట్టి ఒప్పందములలో నొక నియమము గలదు: అమ్మువారు పుచ్చుకొను ధనములో నొక భాగమునకు తగినంత పని ఈ దేశమున కల్పింపవలెను. మి-26 కొన్ననాడు ఇట్టి నియమము లేదు. మా అభిప్రాయమున ధరకన్న, వేగముకన్న ఈ నియమమే ముఖ్యమైనది. ఏలయనగా ఒక భాగమును చేయనేర్చినవాడు దానిని మరమ్మతు చేయనేర్చుటకు సగము దారి నడచినవాడు.

ఇచ్చట మన నగరము కథలోనికి వచ్చుచున్నది. హైదరాబాదునకు దక్షిణమున ఆదిబట్లవద్ద టాటావారును బోయింగువారును కలిసి పెట్టిన కర్మాగారము 2018 మార్చి 1వ తేదీన ప్రారంభమై, అపాచీ హెలికాప్టరు దేహములను తయారుచేయుచున్నది. చినూకు నడినెత్తిమీది పైకప్పు భాగమును, తోకకొన భాగమును చేయుపనిని టాటావారి సంస్థ చేపట్టెను. వెనుకనున్న గోపురమువంటి భాగమును, సరుకు ఎక్కించు వాలుతలుపును బెంగుళూరువారు చేయుచున్నారు. ఈ భాగములు ఓడలలో అమెరికాకు పోయి, ఫిలడెల్ఫియాకు చేరువనున్న రిడ్లీపార్కు కర్మాగారమున చినూకులలో ఇమిడిపోవును. ఇబ్రహీంపట్నము తాలూకా పొలములనడుమ బిగింపబడిన రేకు ఏ దేశపు ఆకాశమున ఎగురునో దానిని బిగించిన పిల్లవానికి తెలియదు. వాని చేతిపనికి సంబంధించిన కాగితము మాత్రము ఆ యంత్రమున్నంతకాలము భద్రముగా నుండును.

కంచనబాగులో 1973లో స్థాపింపబడిన మిశ్రధాతు నిగము టైటానియమును, మిక్కుటమైన వేడిమికి ఓర్చు మిశ్రలోహములను చేయుచున్నది. హెలికాప్టరు ఇంజనులకును, గేరులకును ఇట్టి లోహములే ప్రాణము. దానికి ప్రక్కనే 1963నాటి రక్షణలోహ పరిశోధనాలయము గలదు. బాలానగరమున హిందుస్థాను ఏరోనాటిక్సువారి శాఖ 1965 మొదలుకొని విమానములకు కావలసిన రేడియో, రాడారు పరికరములను తయారుచేయుచున్నది. తిరుమలగిరిలోని సైనిక యింజనీరింగు కళాశాలనుగూర్చి మన విద్యార్థులకు చెప్పనక్కఱలేదు. దాని గోడప్రక్కనే నడచి వారు బడికి వచ్చుచున్నారు. అచ్చటివారి వృత్తియే సైన్యపు యంత్రములను మరమ్మతు చేయుట. ఆ శాఖ 1943 అక్టోబరు 15న, రెండవ ప్రపంచయుద్ధకాలమున, యంత్రములను కొనుటకన్న నిలుపుకొనుట కష్టమని అనుభవమునకు వచ్చినపిమ్మట ఏర్పడినది.

ఇంతమాత్రమున మనము సర్వమును సాధించితిమని తలదన్నుట తగదు. పైకప్పు, తోకకొన ముఖ్యములే గాని అవి తిరుగునవి కావు. తిరుగు భాగములే కష్టమైనవి. చినూకు ఇంజను అమెరికాలో చేయబడును. గేరుపెట్టెలలోని పండ్లచక్రములును అట్టివే. పండ్లచక్రమును కోయుట మన బాలానగరపు చిన్న కార్ఖానాలలోని పనివారును ఎఱుగుదురు. కాని ఆ ఉక్కును శూన్యమున కరిగించి మలినము తీసి, పైపొరను మాత్రము గట్టిపఱచి లోభాగమును మెత్తగా నిలిపి, వెండ్రుకలో పదవవంతునకన్న తక్కువ తేడాతో సానపట్టి, వేలకొలది గంటలు పరీక్షాయంత్రముపై త్రిప్పి, పగిలినదానిని కోసి చూచి, మరల మొదలుపెట్టుట – ఇది తరముల పని. పాశ్చాత్యులకును ఒక్కనాట చేతికి రాలేదు. సంబరో సముద్రమున మునిగిన 45 మంది దానికి సాక్షులు.

తలిదండ్రులలో కొందఱు, మా పిల్లవాడు పైలటు కావలెనని మాతో చెప్పుచుందురు. సంతోషమే. ఒక్క పైలటు ఎగురుటకు నేలమీద ఎందఱు మెకానికులు, లోహపరీక్షకులు, భాండాగారపు గుమాస్తాలు పనిచేయవలెనో ఆ తలిదండ్రులు విచారించియుండరు. ఐ.టి.ఐ.లో ఫిట్టరు తరగతి చదివి, కొలబద్దతో మిల్లీమీటరులో నూఱవవంతును తప్పక చదువనేర్చిన బాలునకు ఆదిబట్లవంటి చోట్ల పని గలదు, బాలికలకును గలదు. వచ్చు సంవత్సరము విజ్ఞానప్రదర్శనమునకు పై తరగతివారు రెండు సైకిలుచక్రములను ఒక గొలుసుతో బంధించి, చినూకు రోటరుల తాళమును చూపు నమూనాను చేయుట మంచిదని మా సూచన. గొలుసునకు ఎనిమిదియంకెవలె నొక మెలిక పెట్టినగాని చక్రములు ఎదురెదురుగా తిరుగవు. ఆ మెలికలో గొలుసు ఒరసికొనకుండ చేయుట యెట్లో వారే కనిపెట్టవలెను.